పై చార్ట్‌లో పట్టని జవాబు

నాన్నా,

మామిడి తోటలు ఎందుకు కొట్టించేస్తున్నారని మన ఆగిరిపల్లి రైతులను నేను ఇంటింటికీ వెళ్లి అడిగిన సర్వేకి ఇవాళ గ్రాఫ్ గీస్తున్నాను. నువ్వు పోయి మూడు నెలలైనా నీ జవాబుల కాగితం ఇందులోనే ఉంది. ఒక్కొక్కరూ రెండు మూడు కారణాలు చెప్పారు కాబట్టి బార్ గ్రాఫే సరైనదన్నాను. గుండ్రటి పై చార్ట్‌లో ముక్కలన్నీ కలిపి నూరే కావాలి కదా.

"మీటింగ్‌లో పై చార్టే బాగుంటుందమ్మా. మనిషికో కారణం ఉంచి మిగతావి తీసెయ్యి," అన్నారు మా సారు. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది.

అందరి కాగితాల్లోనూ ఒక్కో కారణమే ఉంచి మిగతావి తీసేశాను. నీదొక్కటే మిగిలింది.

"కాయకి రేటు లేదు, పురుగు ఆగట్లేదు, ఒంట్లో ఓపిక లేదమ్మా."

ఆ మూడోదాన్ని ఆ రోజు 'ఇతరములు' కింద రాసుకుని, పక్కింటికి వెళ్లిపోయాను.

సారు రెండుసార్లు పిలిచారు. నీ మూడో కారణం మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను.