సోయి లేని కాలు

కేసముద్రం

బిడ్డా అక్షితా,

భూపాలపల్లి కరెంటు ప్లాంటుల నీకు నౌకరి దొరికినప్పుడు చెప్పిన ముచ్చట యాదికున్నదా? మోటరు తిరుగుతది, వాల్వు మూస్తది, సెన్సర్ మాత్రం ఏ పనీ చెయ్యది, వేడిల పడుండి ఎంత కాలుతున్నదో చెప్తదంతే అన్నవు. అచ్చం మీ నాయనమ్మే అని నేను నవ్విన. "నవ్వకు తాతా. మోటరు ఆగితే అందరికీ కనవడుతది. సెన్సర్ తప్పు చెప్తే అన్నీ మంచిగనే నడుస్తయ్, కాలిపోయేదాంక ఎవలకూ తెల్వది" అన్నవు.

మొన్న పొద్దుగాల చలికి కుంపటి కాడ కాళ్లు సాపుకొని కూసున్న. మాడువాసన వచ్చింది. "రొట్టె మాడవెట్టినవే ముసలిదానా" అని మీ నాయనమ్మను ఎక్కిరించిన. మాడింది నా కుడికాలు. షుగరుతోని కాలుకు సోయి పోయింది, కాలినా తెల్వదన్నడు డాక్టరు. నడుసుడు మాత్రం మంచిగనే నడుస్తుండె.

సోమవారం మానుకోట దవాఖానల మోకాలు కిందికి తీసేస్తరు. చెప్పుల ఖర్చు సగం తగ్గుతది, ఫికరు జెయ్యకు.

నువ్వు ఆలోపల్నే వచ్చి, ఎడమకాలు సుత సూడుమని డాక్టరుకు చెప్పు. మీ నాయనమ్మ ముంగట నాకు నోరొస్తలేదు. నిన్న ఆమె ఆ కాలును ఒళ్లె పెట్టుకొని, "ఇదన్న మంచిగున్నదా? నా చేతులు సల్లగ తగుల్తున్నయా?" అని అడిగింది.

"మంచులెక్కున్నయ్, తియ్యే" అని కండ్లు మూసుకున్న.

పాణం నిమ్మలమై నవ్వింది. ఆ చేతులు కాలు మీద ఉన్నయో తీసిందో నాకు తెల్వలే బిడ్డా.

మీ తాత