ఒడ్డు కనిపించని నీళ్ళు

చిరంజీవి ఎల్‌హానన్‌కు,

నీ దీపం నూరేళ్ళు వెలగాలని దీవిస్తూ రుదోవ్కా నుంచి అమ్మ రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. బెర్లిన్‌లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్నగారి దగ్గు తగ్గలేదు. మన వీధి చివర కాలిపోయిన స్నానశాలను మళ్ళీ కడుతున్నారు, కట్టేవాళ్ళకన్నా సలహాలిచ్చేవాళ్ళే ఎక్కువ. నువ్వు పంపిన కళ్ళజోడు నాన్నగారికి సరిగ్గా సరిపోయింది. "బెర్లిన్ అద్దాల్లోంచి చూసినా అక్షరాలు పాతవే కనిపిస్తున్నాయే!" అని నవ్వారు. అది మంచు పడకముందు మాట. తర్వాత ఆయన నవ్వగా నేను చూడలేదు.

అన్నిటికన్నా ఆత్రంగా నువ్వడిగింది, నీ వ్యాసం నాన్నగారు చదివారా అని. చదివారు. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివారు. నీకు తెలిసిన సంగతులే అయినా వరసగా చెబుతాను. వరసగా చెబితే తప్ప నీ తలకెక్కేలా లేదు.

ఆఫ్రికాలోని కేప్‌కు వెళ్ళే ఓడ మునిగి మీ బావ ఫైవల్ పోయి ఆరేళ్ళయింది. మన యూదుల ధర్మశాస్త్రం ప్రకారం, చుట్టూ ఒడ్డు కనిపించే చెరువులో మునిగిన మనిషి మళ్ళీ పైకి రాకపోతే పోయినట్టే. సముద్రంలో అయితే ఎక్కడో తేలి బతికి ఉండవచ్చు. అందుకని శవాన్ని చూసిన సాక్షి లేనిదే భార్యకు విడుదల లేదు. మీ అక్క హిండె అలా ఆరేళ్ళు కట్టుబడి ఉంది, అటు విధవా కాదు, ఇటు ఇల్లాలూ కాదు. అద్దాలు బిగించే బెరిష్, భార్య పోయినవాడు, దానికోసం ఎదురుచూస్తూ ఉన్నాడు. దాని నోరు నీకు తెలుసు కదా. "అమ్మా, ఫైవల్ బతికున్నప్పుడే నన్ను పట్టించుకోలేదు. ఇప్పుడు నీళ్ళలోంచి లేచొచ్చి పట్టించుకుంటాడా?" అనేది. అని నవ్వేది. ఆ తర్వాత వాకిట్లోకి వెళ్ళి చాలాసేపు లోపలికి వచ్చేది కాదు.

ఊరికి రబ్బీగా ధర్మశాస్త్రం చూసి తీర్పు చెప్పే నాన్నగారు రెండు శీతాకాలాలు పాత తీర్పులన్నీ తిరగేశారు. చివరికి దారి దొరికింది. పూర్వం ఒడ్డుకు చేరినవాడి కబురు రావడానికి మార్గం లేదు, ఇప్పుడు తపాలా ఉంది, తంతి ఉంది, బతికుంటే ఇన్నేళ్ళలో కబురు రాకుండా ఉండదు అని తీర్పు రాశారు. లిప్నిక్, ద్రోజ్దిన్ ఊళ్ళ రబ్బీలు కూడా దానిమీద సంతకాలు పెడతామన్నారు. నాన్నగారు పొంగిపోయి, "మనవాడు పెద్ద చదువులు చదివాడు, ఏమంటాడో చూద్దాం" అని తన చేత్తో నకలు రాసి నీకు పంపారు.

నువ్వేమన్నావు? పత్రికలో అచ్చేయించావు! రుదోవ్కాలో మా నాన్నలాంటి పాతకాలపు రబ్బీ కూడా తంతి తీగను చూసి ధర్మశాస్త్రాన్ని మార్చాడు, కనుక శాస్త్రం మనుషులు చేసిందే, మనుషులే మార్చుకోవచ్చు అని. పొగుడుదామనే రాశావని నాకు తెలుసు. పొగడబోయి అక్క గొంతు కోశావురా నాయనా.

లిప్నిక్ రబ్బీ మంచులో బండి కట్టించుకుని వచ్చారు. టీ ముట్టలేదు.

"తీర్పులో తప్పేం లేదయ్యా" అన్నారు. "కానీ ఇప్పుడు సంతకం పెడితే మీవాడి మాటకి నేను తలూపినట్టే. రేపు ప్రతివాడూ తంతి తీగ చూపించి శనివారం సబ్బాతు విశ్రాంతి మానేస్తానంటాడు."

"నేను మార్చలేదండీ. ఇంట్లోనే ఉన్న తలుపు వెతికి తీశాను. మావాడేమో గోడ పగలగొట్టానంటున్నాడు."

"ఊరంతా చదివింది వాడి మాటే కదా."

"మరి నా కూతురి సంగతేంటి?"

ఆయన లేచి టోపీ పెట్టుకున్నారు. ద్రోజ్దిన్ రబ్బీ గుమ్మం దాకా కూడా రాలేదు. నాన్నగారు ఒక్కరే సంతకం పెట్టవచ్చు. పెట్టలేదు. కూతురి విషయంలో తండ్రి ఒంటరిగా తీర్పు చెబితే ఎవరు నమ్ముతారన్నారు. తీర్పును పొయ్యిలో వేశారు. ఆ రోజు నీ మీద నాకొచ్చిన కోపం ఇంకా పోలేదు. పోయిందని అబద్ధం చెప్పను.

ఇంతవరకూ దాచినది ఇప్పుడు చెబుతున్నాను. పోయిన ఆదివారం హిండెను నేనే బండెక్కించాను. దాన్నెవరూ ఎరగని ఊళ్ళో విధవనని చెప్పుకొమ్మని నేనే నేర్పాను, రబ్బీ భార్యను. కొనిగ్స్‌బెర్గ్‌లో బెరిష్ కలుస్తాడు, అక్కడే పెళ్ళి చేసుకుని ఇద్దరూ నీ దగ్గరికి వస్తారు.

వారమంతా దాని ఊసెత్తని నాన్నగారు శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగించాక అడిగారు, "హిండె ఏదే?" అని.

"ఏమండీ, అదీ..."

"వద్దు, చెప్పకు. చెబితే నేను తీర్పివ్వాల్సొస్తుంది."

దాని కంచం తనే తీసి అలమరలో పెట్టి, ద్రాక్షరసం మీద దీవెన చదివారు. మధ్యలో ఆగారు. ఇంటాయన ఉండగా నేను అందుకోకూడదు, ఆయనే మళ్ళీ మొదటినుంచి చదివారు.

అక్కను బాగా చూసుకో. నిన్ను తిడుతుంది, పడు. దీన్నొక వ్యాసంగా రాయకు. అక్క మంచి కోసమైనా సరే, ముఖ్యంగా మంచి కోసం అస్సలు రాయకు.

ఇంకొక్క మాట. ఫైవల్ ఎక్కడో బతికే ఉంటే, హిండెకు బెరిష్ వల్ల పుట్టే బిడ్డ శాస్త్రం ప్రకారం అక్రమ సంతానం, మనవాళ్ళెవరినీ పెళ్ళాడకూడదు. పది తరాల దాకా ఆ బిడ్డ వంశానికి అదే గతి. నీకది ఎవరో మనుషులు రాసుకున్న మాట. నాకు కాదు. నేను నమ్ముతాను, నమ్ముతూనే పంపాను. అందుకని బిడ్డ పుడితే నాకు కబురు రాయకు. రాస్తే నేను సంతోషిస్తాను. మీ నాన్నగారి ఎదురుగా కూర్చుని ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోను?

ఇట్లు,
నిన్నూ దాన్నీ కన్న తల్లి,
త్సివ్యా