దీవెన ఎవరికి?

మోసుల్, గురువారం

నిజార్ అన్నయ్యకు, అమ్మ ఆయాసం తగ్గింది, కంగారుపడకు.

మన పేటలో సర్కారు కరెంటును ఒక కంపెనీకి అప్పగించారు. "ఇక కరెంటు పోదు, వీధి జనరేటర్ నుంచి తెచ్చుకున్న లైను తీయించెయ్యండి" అని వాళ్ల మనిషి చెప్పిపోయాడు. నిన్న సాయంత్రం చూస్తే ఇల్లంతా చీకటి, అమ్మ ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి వీధి జనరేటర్ నడిపే అబూ రఅద్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"తిట్టేముందు స్విచ్ ఎటు తిప్పి ఉందో చూసుకో తల్లీ! మధ్యాహ్నం నుంచీ కంపెనీ కరెంటు ఉందని ఇప్పుడే నాది ఆపేశాను. నువ్వింకా నా జనరేటర్ వైపే పెట్టుకున్నావు."

రోజూ సాయంత్రానికి పోయే సర్కారు కరెంటు నిన్న ఉందని నాకెలా తోస్తుంది? ఆయనే స్విచ్ కంపెనీ కరెంటు వైపు తిప్పాడు, మిషన్ నడిచింది. పోతూపోతూ, "లైను తీయిస్తే మళ్లీ ఇవ్వను, నీ ఇష్టం" అన్నాడు. ఉంచాలా, తీయించాలా? నాకేమీ పాలుపోవడం లేదు, వెంటనే రాయి.

బస్రా ఎండు నిమ్మకాయలు పంపు. వదిన పంటినొప్పి తగ్గిందా?

అమ్మ మీ ఇద్దరినీ దీవించింది. నెత్తిమీద దీపం వెలుగుతుంటే, ఆ కరెంటు ఇచ్చినవాణ్ణీ దీవించబోయి, "ఇప్పుడున్నది ఎవరిదే?" అని అడిగింది. ఎందుకైనా మంచిదని కంపెనీవాణ్ణీ, జనరేటర్ ఆయన్నీ ఇద్దరినీ దీవించెయ్యమన్నాను.

నీ చెల్లెలు,
సబీహా