బొట్టు పెట్టేంత దగ్గర

బ్రిక్‌ఫీల్డ్స్,
మంగళవారం

పెద్దమ్మా,

ఫోన్‌లో చెబితే మళ్లీ వాట్సాప్‌లోనే పంపుతావని ఉత్తరం రాస్తున్నాను. పెదనాన్న ఫొటో నాలుగుసార్లు పంపావు. నాలుగుసార్లూ చిన్నదై, మసకబారి వచ్చింది.

నిన్న మా ప్రింటింగ్ షాపులో దాన్ని ఎనిమిదడుగుల బ్యానర్‌కి పెంచి చూశాను. "దూరం నుంచి సూసేవోళ్లకి ఏటి తెలుస్తాది లా, అమ్మీ" అన్నావు కదా, ఇక్కడి మలయ్‌వాళ్లలాగే చివర 'లా' తగిలించి. నిజమే, రోడ్డు పక్క బోర్డులకి నేనూ అదే లెక్క వేస్తాను. ఇరవై అడుగుల అవతలి కళ్లకి తక్కువ రిజల్యూషన్ చాలు. అలాగే ప్రింటుకి పెట్టబోయి ఆగిపోయాను. సంవత్సరీకం నాడు మనవాళ్లెవరూ దూరంగా నిలబడరు. ఒక్కొక్కరే వచ్చి ఆయన నుదుట బొట్టు పెడతారు. అంత దగ్గర నుంచి చూస్తే పెదనాన్న కళ్లుండవు, బూడిదరంగు గళ్లుంటాయి. ముందు వెళ్లి ఆ ముఖం వెతుక్కునేది నువ్వే.

అందుకే కిశోర్ బావ చేత అట్టలు పెట్టిన కవరు పంపుతున్నాను. గోడమీది ఫ్రేము విప్పి అసలు ఫొటో అందులో పెట్టివ్వు. స్కాన్ చేసి మర్నాడే తిరిగి పంపిస్తాను. దండ వేసిన ఫొటో ఏడాది తిరక్కుండా దింపకూడదంటావు, తెలుసు. ఆ పాపమేదో నాకే తగలనీ. శుక్రవారం దాటితే ప్రింటు కాదు.

ఇంత పట్టుబడుతున్నానని కోప్పడకు. ఆస్పత్రిలో ఉన్న ఆ చివరి వారం ఆయన్ని వీడియో కాల్‌లోనే చూశాను. ముఖం బాగానే కనిపించింది. అందుకే ఆ వారం నేను మీ ఊరికి బస్సెక్కలేదు.

నీ చెల్లెలి కూతురు