నాయనా, లోపం నా చేతిలో లేదు

నాయనా,

గెలిచాను. ఈ మాట నీ మొహం మీదే చెప్పాల్సింది. నీ మొదటి తద్దినం అయిన వారానికి ఇలా కాగితం మీద చెప్తున్నాను.

నువ్వు నాకు డ్రైవింగ్ నేర్పిన రోజు నుంచీ మన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు ఎడమవైపుకే లాగేది. "బండి లాగేది కాదమ్మా, నీ చెయ్యే లాగతా ఉండాది" అనేవాడివి. నువ్వు నడిపేటప్పుడు కూడా స్టీరింగును కాస్త కుడికి తిప్పే పట్టుకునేవాడివి. నేను చూశాను. నువ్వు ఒప్పుకోలేదు.

హోసూరులో మెకానిక్ మునియప్ప మూడుసార్లు అలైన్‌మెంట్ చేశాడు, ముందు టైర్లు అటువి ఇటు మార్చాడు. అయినా లాగుడు పోలేదు. మొన్న ఒళ్లు మండి, టమాటా సాళ్లు తిన్నగా రావడానికి నువ్వు పట్టే తాడు తెచ్చాను. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా రెండు వైపులా కొలిచాను. ఎడమవైపు రెండు వేళ్లు తక్కువ! వెనక స్ప్రింగు పట్టీల నడిమి బోల్టు విరిగి, ఆ వైపు ఇరుసు ముందుకు జరిగిపోయింది. నీ తాడే నా తరఫున సాక్ష్యం చెప్పింది.

"ఇన్నాళ్లూ ముందరనే చూసినాను, ఎనకాల చూడనే లేదమ్మా" అని మునియప్ప తల పట్టుకున్నాడు.

బోల్టు మార్చాక కృష్ణగిరి వైపు కొత్త నాలుగు వరుసల రోడ్డెక్కి, స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేశాను. జీపు గీత గీసినట్టు పోయింది. "పట్టుకోమ్మా, పట్టుకో!" అని పక్క సీట్లోంచి నువ్వు అరవాల్సిన చోటు అది.

ఎవరూ అరవలేదు. అందుకే చాలా దూరం పట్టుకోలేదు.