మేడ మీద మీటింగులో నా వంతు

శ్రీకాకుళం, ఆదివారం, పడుకునే ముందు

తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగు ఎక్కడో తెలియక టీకొట్టులో గొంతు తగ్గించి అడిగాను. అతను వీధంతా వినబడేలా "తాగుడు మానేసినోల మీటింగా? ఆ మేడ మీదే బాబూ, ఎల్లు!" అని కేకేశాడు. ఇరవై ఏళ్లుగా మద్యం వ్యతిరేక సభల్లో మైకు వదలనివాణ్ని, తల దించుకుని మెట్లెక్కాను.

పది మంది ఉన్నారు. నా వంతు రాగానే లేచి ప్రభుత్వాన్ని ఉతికేశాను. ఖజానా కోసం పేదవాడి నోట్లో సీసా పెట్టిందెవరని నిలదీశాను. అందులో ఒక్క అక్షరం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అంతా విని, సముద్రం మీద వేటకెళ్లే ఎర్రయ్య అన్నాడు: "బాగా సెప్పినావు మావా. గవర్నమెంటుని వచ్చే వారం పిలుద్దాం. నువ్వెంత తాగుతన్నావో అది సెప్పు."

అందరూ గొల్లున నవ్వారు. కోపంతో నోరు తెరిస్తే నిజమే బయటికొచ్చింది. "రోజూ తాగుతున్నాను. మానేస్తానని మా ఆవిడకి మాటిచ్చి నాలుగుసార్లు తప్పాను" అని కూర్చుండిపోయాను. ఎవరూ తిట్టలేదు, జాలీ పడలేదు. బతికిపోయాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ సరళ పడీపడీ నవ్వింది. "నీ నోరు మూయించినోడు దొరికాడన్నమాట! ప్రతి ఆదివారం ఎల్లు."

ఈరోజు తాగలేదు. రేపు సాయంత్రమే భయం... మీటింగు నుంచి వచ్చేటప్పుడు ఆ మాటే అంటే ఎర్రయ్య నంబరిచ్చాడు. "ఆరైతే నాకూ నాలిక పీకుతాది మావా. ఫోన్ సెయ్యి, దెబ్బలాడుకుందాం."

దేని మీద దెబ్బలాడాలో ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.