అన్యులకు ప్రవేశం లేదు

జూన్ 1

ఆదివారం. శాంప్లింగ్. ముందు రొయ్యలకి, తర్వాత మాకు.

నాన్న విసురువల వేసి గుప్పెడు రొయ్యలు తీస్తారు. తూచి, వెలుతురుకి ఎత్తి చూస్తారు. పేగు నిండుగా ఉందా, తోక ఎర్రబడిందా. చేతులు కడుక్కుని వచ్చి వరండాలో కూర్చుంటారు. చిన్నీ, నేనూ వరసలో. నాలుక చూపించు. కళ్లు. గోళ్లు. తల వంచు — జుట్టు వాసన చూస్తారు, బయటి వాసన ఏమైనా తగులుతుందేమోనని. చిన్ని బడి కూడా అయిపోయింది, బయటికి వెళ్తేగా!

చెల్లెలికి పదహారు. నాకు ఇరవై మూడు. నాలుక చాపుకుని నిలబడ్డాను. సిగ్గు, కోపం రెండూ వచ్చాయి. రెండూ మింగేసి ఉప్మా తిన్నాను.

జూన్ 4

గేటు మీది బోర్డుకి నాన్న మళ్లీ రంగు వేశారు. అన్యులకు ప్రవేశం లేదు. ఈ చుట్టుపక్కల ప్రతి చెరువుకీ ఉండే బోర్డే. అందరూ రొయ్యల కోసం పెట్టుకుంటారు. మాది పిల్లల కోసం కూడా.

గేటు పక్కన తొట్టిలో పర్మాంగనేట్ కలిపిన ఎర్రనీళ్లు. వచ్చినవాళ్లు కాళ్లు ముంచాలి. పమిడిముక్కల నుంచి పెదనాన్న వచ్చినప్పుడు కాళ్లు ముంచి, చేతులు ముంచి, చివరికి గేటు బయటే మజ్జిగ తాగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఎందుకొస్తారు?

నాగాయలంక బండి మీద పావుగంట. మాకు కాశీ అంత దూరం.

జూన్ 5

గుడివాడ నుంచి పిన్ని ఫోన్. ఇంట్లో ఫోన్ ఒక్కటే, నాన్న జేబులోది. స్పీకర్ పెట్టి అందరి ముందూ మాట్లాడాలి.

"చిన్నికి పదిలో మంచి మార్కులొచ్చాయంట కదా బావగారూ. నా దగ్గరుంచండి. కాలేజీ మా వీధి చివరే. ఈ నెలాఖరులోపు చేర్చెయ్యాలి..."

నాన్న కాదనలేదు! "చూద్దాంలేమ్మా" అన్నారు.

అప్పటి నుంచి కాలు నిలవడం లేదు. గట్టు చుట్టూ తిరుగుతున్నాను. నన్ను ఇంటర్‌తో ఆపేశారు. సరే, నా సంగతి వదిలేద్దాం. చిన్ని వెళ్లాలి. వెళ్లి తీరాలి.

జూన్ 6

ఇన్నాళ్లూ తాళం నాన్నదనుకున్నాను.

గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. వంటింట్లో అమ్మ గొంతు. "పంపుతారా? పెద్దదాన్ని ఆపింది నేను. దీన్నీ నేనే ఆపుతా." నాన్న ఏదో నసుగుతున్నారు — "అది కాదే, చదువు..." "చదువుకున్న మీ అన్నదమ్ములు మనకేం చేశారండీ? గడప దాటిన పిల్ల మన పిల్ల కాదు."

నాన్న చెప్పులేసుకుని చెరువు వైపు వెళ్లిపోయారు.

అమ్మ. రోజూ నా జడ వేసే అమ్మ. పప్పులో ఉప్పెక్కువైంది, నేనే వేశాను. అందరూ అలాగే తిన్నారు.

జూన్ 8

ఆదివారం. "కళ్లెందుకలా ఉన్నాయి?" అన్నారు నాన్న. దోమలు అన్నాను.

జూన్ 9

చిన్నితో చెప్పాను — పిన్ని, గుడివాడ, కాలేజీ. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"అక్కడ ఎర్రనీళ్లుంటాయా అక్కా?"

"ఉండవే."

"మరెలా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోయినేడు బళ్లో ఎవరో హెయిర్ బ్యాండ్ ఇస్తే, ఎవరూ చెప్పకుండానే తొట్టిలో ముంచి ఇంట్లోకి తెచ్చింది. మరకలు పడ్డ ఆ బ్యాండే పెట్టుకుని తిరిగింది. అప్పుడు ముద్దొచ్చింది నాకు. ఇప్పుడు భయమేస్తోంది.

జూన్ 12

పక్కనున్న సాంబయ్య మావయ్య చెరువు పోయింది. వైట్ స్పాట్, రొయ్యల అంటురోగం. చచ్చిన రొయ్యలు గట్టు వెంట తేలుతున్నాయి.

నాన్న ఉండబట్టలేకపోయారు. "ఏంటో చూసొస్తా" అని వెళ్లి, మోకాలి లోతు దిగి, ఒక రొయ్య తలపెంకు ఒలిచి మరీ చూశారు. మా గట్టు మీద నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. తిరిగొచ్చారు. మావి బాగున్నాయో లేదోనని ఆత్రం — తొట్టి పక్క నుంచి నడిచేసి, ఆ చేతుల్తోనే మా చెరువులో మేత ట్రే ఎత్తారు.

నోరు తెరిచాను. ఈయనకి చెప్పేదెవరు... మూసుకున్నాను.

జూన్ 16

ట్రేలో మేత మిగిలిపోయింది. రొయ్యలు తినడం లేదు.

జూన్ 17

తలపెంకుల మీద తెల్లచుక్కలు. మాకూ వచ్చింది.

మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. "ఎవరొచ్చారు? ఎవర్ని తాకారు?" పిన్ని ఫోన్ వచ్చిన రోజే ఇంట్లోకి బయటిగాలి దూరిందని అమ్మ. ఫోన్‌లోంచి! నాకు నవ్వు ఆగలేదు.

"ఎందుకే ఆ నవ్వు?"

ఇక దాచలేదు. "మీరే తెచ్చారు నాన్నా. సాంబయ్య మావయ్య చెరువులో దిగి, చేతులు కడుక్కోకుండా వచ్చి మన ట్రే ఎత్తారు. నేను చూశాను."

నాన్న చేతులు పంచెకి తుడుచుకున్నారు. "నేను వేరు" అన్నారు మెల్లగా.

"నాన్నగారికి అంటుకోదే" అంది అమ్మ. చిన్ని అవునన్నట్టు తలూపింది.

జూన్ 18

నన్ను మోటారు షెడ్డులో పెట్టారు. శిక్ష కాదట, జాగ్రత్తట. కంచం గుమ్మం బయట పెట్టి అమ్మ వెనక్కి జరుగుతుంది. డీజిల్ వాసనకి అన్నం దిగదు. చిన్ని దూరంగా గట్టు మీద నిలబడి చూస్తోంది. చెయ్యి ఊపాను. ఊపలేదు.

చెరువు పోయాక మిగిలిన రొయ్యల్ని అమ్మెయ్యాలి, పట్టుబడి తప్పదు. పట్టుబడంటే వలవాళ్లు, ఐసు, లారీ. గేటు తెరవక తప్పదు... ఇదొక్కటే ఆలోచన.

జూన్ 20

పట్టుబడి. కాళ్లు ముంచకుండానే జనం లోపలికొచ్చేశారు. నాన్న తిరగేసిన టబ్బు మీద కూర్చుని నీళ్లకేసి చూస్తున్నారు. షెడ్డు తలుపు తోసుకుని బయటికొస్తే ఆపినవాళ్లు లేరు.

వలలు లాగడానికి సాంబయ్య మావయ్య కూడా వచ్చారు. ఆయన దగ్గరికెళ్లి అడిగేశాను. "ఇద్దరూ నా బండి మీద కూర్చోండమ్మా, గుడివాడ దాకా నేనే దింపొస్తా" అన్నారు. చిన్ని బట్టలు సంచిలో కుక్కాను. నావీ.

అమ్మ వచ్చి పట్టుకుంది. చిన్ని చెయ్యి కాదు, నాది.

"దాన్ని పోనీ. నువ్వుండు. ఇద్దరూ పోతే నేనెవర్ని చూసుకు బతకనే?"

మణికట్టు విదిలించుకోవచ్చు. అమ్మకంత బలం లేదు. విదిలించుకోలేదు.

"అక్క లేకుండా నేనెళ్లను" అని చిన్ని ఏడుపు. ఖాళీగా ఉన్న చేత్తో దాని చెంప మీద గట్టిగా ఒక్కటిచ్చాను. బిత్తరపోయి బండెక్కింది. మావయ్య వెంటనే స్టార్ట్ చేశారు. ఎంత పిరికిదో నా చిట్టితల్లి, కళ్లు మూసుకునే గేటు దాటింది.

జూన్ 21

పిన్ని ఫోన్. చిన్ని చేరిందట. నాతో మాట్లాడనందట. వెనకాల ఆటోల హారన్లు, ఎవరో నవ్వడం... ఇంకాసేపు విందామనుకునేలోపు అమ్మ కట్ చేసింది.

జూన్ 22

ఆదివారం. రొయ్యల్లేవు. అయినా వరండాలో కూర్చున్నారు. నేనొక్కదాన్నే వరస. నాలుక చూసి "బాగున్నావు" అన్నారు నాన్న. తల వంచమని, నా జుట్టులో మొహం పెట్టి ఏడ్చారు. జాలేసింది. లాగి ఒక్కటి కొట్టాలనీ అనిపించింది.

జూన్ 24

అమ్మ నా కంచంలో రెండు గరిటెలు నెయ్యి వేస్తోంది. వద్దన్నా వేస్తోంది.

జూన్ 26

చెరువు ఎండగడుతున్నారు. బురద వాసన. గేటుకి తాళం వెయ్యడం మానేశారు.

మధ్యాహ్నం నాన్న అవనిగడ్డ వెళ్లారు. అమ్మ నిద్రపోతోంది. నా సంచి ఆ రోజు సర్దింది సర్దినట్టే ఉంది. తీసుకుని గేటు దాటాను. ఎవరూ పిలవలేదు. రోడ్డు దాకా నడిచాను. ఆటో వచ్చి ఆగింది. లోపల ఇద్దరు ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు.

"నాగాయలంకేనామ్మా? ఎక్కండి" అన్నాడు ఆటో అతను.

"లేదండీ... పొయ్యి మీద అన్నం ఉంది" అన్నాను.

గబగబా వెనక్కి వచ్చాను. దాదాపు పరుగే. వంటింట్లోకెళ్లి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు.